గడ్డం కింద వేలు

పాప గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక వేలు పట్టాలి. పాప పుట్టిన కొత్తలో పిల్లల డాక్టరు మాకు చెప్పిన మాట అది. మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. మెడ నిలవడానికి మిగతా పిల్లలకంటే ఎక్కువ కాలం పడుతుందని, కూర్చోబెట్టినప్పుడు తల ముందుకు వాలితే ఊపిరి అందదని, అలాంటప్పుడు పిల్ల ఏడవదని, నిద్రపోతున్నట్టే కనిపిస్తుందని ఆమె చెప్పింది. చెబుతూ తన చూపుడు వేలు పాప గడ్డం కింద పెట్టి చూపించింది. నా భార్య కూడా వెంటనే తన వేలు పెట్టి చూసింది. నేను తలూపాను. నాకు అర్థమైంది. ఆ తర్వాత జరిగినదానికి, నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

అప్పట్లో మా బండి ఒక పికప్ ట్రక్కు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు కూర్చునే చోటు, దాని వెనక సామాను వేసుకునే తొట్టి. హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి తొట్టి ఎందుకని నా భార్య అడిగింది. ఆమెదీ అక్కడే, వేరే కంపెనీలో ఉద్యోగం. "చిన్న కారు కొందాం, సందులల్ల తిరుగుతది" అంది. శని, ఆదివారాల్లో నేను ఊరి బయట ప్లాట్లు చూపించే పని కూడా పెట్టుకున్నాను. మట్టి రోడ్లకు ఇదే సరైన బండి అని వాదించాను. అసలు సంగతి వేరు. మా కడప వైపు అలాంటి బండిలోంచి దిగే మనిషిని చూస్తే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. నేను దిగుతున్నప్పుడూ ఎవరైనా లేవాలని నాకుండేది. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దాన్ని చూసి లేచినవాళ్ళు లేరు. తమ కారు తలుపు తెరుచుకోవడం లేదని పక్కవాళ్ళు వాచ్‌మన్ మీద విసుక్కునేవాళ్ళు, అంతే.

బండిలో బిగించే పాప సీటు తెచ్చాక గానీ ఇబ్బంది తెలియలేదు. నెలల పిల్లల సీటును వెనక్కి తిప్పి బిగించాలి. పిల్ల కాళ్ళు బండి వెనకవైపు, తల ముందువైపు ఉంటాయి. పడక్కుర్చీలా వాలుగా ఉండాలి. ఆ సీటు పక్కన ఒక చిన్న గొట్టం, అందులో ఒక బుడగ ఉండేవి, తాపీ మేస్త్రీల రసమట్టంలో లాగా. బుడగ ఆకుపచ్చ గీతల మధ్య నిలిస్తే వాలు సరిపోయినట్టు. మా ట్రక్కు వెనక సీటు గోడలా నిటారుగా ఉండేది. కాళ్ళు పెట్టుకునే చోటు తక్కువ. పాప సీటు ఎలా పెట్టినా నిక్కి కూర్చునేది, బుడగ గీత దాటి ఒక మూలకు పోయి అక్కడే ఉండేది.

ఆ నెలల్లో నా భార్యా పాపా ప్రగతి నగర్‌లో మా అత్తగారింట్లో ఉన్నారు. ఆఫీసు అయ్యాక నేను అక్కడికి వెళ్ళి, ఇంటి ముందు చదునైన చోట బండి ఆపి, తలుపులన్నీ తెరిచి ఆ సీటుతో కుస్తీ పట్టేవాణ్ణి. మా మామగారు వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. చెరువు గట్టుకు నడకకు వెళ్తూ నా దగ్గర ఆగేవారు.

"ఏంది అల్లుడూ, ఇంక కాలేదా? పిల్లకు కుర్చీ బిగిస్తున్నవా, రాకెట్ లేపుతున్నవా?"

మా అత్తగారికి మాత్రం అది నవ్వులాటగా లేదు. "ఒడి ఉండంగ ఈ డబ్బా ఎందుకు బిడ్డా? నా పిల్లలందరిని ఒళ్ళె పెట్టుకోని బస్సులల్ల తిరిగిన. ఒక్కరికన్న ఏమన్న అయిందా?"

నేను ఆమెకు వివరించాను. బండి ఒక్కసారిగా ఆగితే ఒడిలో ఉన్న పిల్లను ఏ చేతులూ ఆపలేవని, ఫోనులో వీడియో పెట్టి మరీ చూపించాను. నేను చెప్పింది నిజం. ఇప్పటికీ అదే నిజం. కానీ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పినట్టు, సగం ఇంగ్లిషులో, ఆమె ముఖం చిన్నబోయేదాకా చెప్పాను. "మీకు తెలియదత్తయ్యా, మీరు ఊరుకోండి" అని కూడా అన్నాను. ఆమె ఊరుకుంది.

చివరికి ఒక సాయంత్రం వాలు కుదిరింది. తువ్వాళ్ళను గట్టిగా చుట్టి, పాప కాళ్ళు వచ్చే వైపు, సీటు కింద సందులో దూర్చాను. డ్రైవరు పక్కనుండే ముందు సీటును బాగా ముందుకు జరిపాను. బుడగ కదిలి కదిలి ఆకుపచ్చ గీతల మధ్యకు వచ్చి నిలబడింది. నా భార్య పాపను తెచ్చి అందులో పడుకోబెట్టి, గడ్డం కింద వేలు పెట్టింది. పట్టింది. ఆమె నా వైపు చూసి నవ్వింది.

ఇక ఆ ముందు సీటు వెనక్కి రాకూడదు. వస్తే పాప సీటు పైభాగాన్ని నెట్టి నిటారు చేసేస్తుంది. అందుకని ముందు సీటు జరిగే పట్టీ మీద ఒక తెల్ల టేపు ముక్క అతికించాను. "ఈ టేపు దాటి ఎవరూ జరపకూడదు. మీ నాన్నయినా సరే" అన్నాను.

"మా నాయన సంగతి నాకిడిసిపెట్టు. నువ్వు యాది పెట్టుకో" అంది.

మూడో నెల నిండాక మంచి రోజు చూసి పాపను కొండాపూర్ తీసుకెళ్ళాలనుకున్నాం. అందుకోసం కడప నుంచి మా పెదనాన్న వచ్చాడు. నాన్న చిన్నప్పుడే పోతే నన్ను చదివించింది ఆయనే. మోకాళ్ళ ఆపరేషన్ అయి ఎంతో కాలం కాలేదు, అయినా బస్సెక్కి వచ్చాడు. ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద అరచేత్తో తట్టి, "ఓరి నీ పాసుగాలా, ఇది బండా, బంగళానా?" అన్నాడు. ఆ మాట కోసం నేను ఆ బండి కొన్న రోజు నుంచీ ఎదురుచూస్తున్నాను.

నా భార్య పాపను సీటులో పడుకోబెట్టి, బెల్టులు బిగించి, వేలు పెట్టి చూసుకుంది. అంతలో మా అత్తగారు ఒడిబియ్యం పోయడానికి లోపలికి పిలిచింది. కూతురు పుట్టింటి నుంచి బయలుదేరేటప్పుడు పసుపు కలిపిన బియ్యం చీర కొంగులో పోసి పంపడం వాళ్ళ ఆనవాయితీ. ఆమె లోపలికి వెళ్ళింది. నేను బండి దగ్గర ఉన్నాను.

పెద్దవాళ్ళు ముందు సీటులో కూర్చోవాలన్నది మా ఇళ్ళలో ఎవరూ చర్చించే సంగతి కాదు. మామగారు తలుపు తీసి పట్టుకున్నారు, పెదనాన్న ఎక్కాడు. ఆయన మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తగులుకున్నాయి.

"అబ్బీ, కాళ్ళు యాడ పెట్టుకోవాల్రా? రవంత ఎనక్కి జరుపు."

నేను టేపు వైపు చూశాను.

"ఏమిరా, ఇంత బండి కొని పెదనాయనకి కాళ్ళు చాపుకునే జాగా లేకుండా చేస్తివే!" అని ఆయన నవ్వాడు. మామగారు కూడా నవ్వారు. నాకు నామోషీగా అనిపించింది. కింద చెయ్యి పెట్టి మీట లాగాను. సీటు వెనక్కి జరిగింది, టేపు దాటింది. వెనక ప్లాస్టిక్ కిర్రుమంది. "ఇంగ రవంత" అన్నాడు పెదనాన్న. ఇంకొంచెం జరిపాను.

వెనక్కి వంగి బుడగ వైపు చూస్తే సరిపోయేది. చూడలేదు. చూస్తే ఆయన్ని కాళ్ళు మడుచుకోమనాలి, లేదా దిగి ఆటోలో రమ్మనాలి. ఆ మాట ఆయనతో, అదీ మామగారి ముందు, అనలేకపోయాను.

నా భార్య కొంగు ముడితో వచ్చి, పాప పక్కన, నా వెనక సీటులో కూర్చుంది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఇంటినిండా చుట్టాలు, పాప రాత్రుళ్ళు నిద్రపోదు. బండి కదిలాక ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేసింది.

"అంత సరిగ్గనే ఉన్నదా?"

"ఉంది."

"రాత్రంత నిద్ర లేదు. జర కన్ను మూస్త. నువ్వు చూస్తుంటవా?"

"అద్దం ఉందిగా, చూస్తుంటా. పడుకో."

పాప ముఖం నాకు కనపడేలా వెనక సీటుకు ఒక అద్దం కట్టుకున్నాం. నిజాంపేట దాటకముందే ఆమె నిద్రపోయింది, రెండు చేతులూ బియ్యం ముడి మీద పెట్టుకుని.

పెదనాన్న కాళ్ళు చాపుకుని హాయిగా మాట్లాడుతున్నాడు. "ఇన్ని మేడలకు నీళ్ళు యాడ నుంచి తెస్తాండార్రా?" అన్నాడు. "ఆ అద్దాలు తుడిచేవాడికి పెండ్లాం పిల్లలు లేరా? అంత పైన యేలాడతాండాడే!" నేను నవ్వుతూ జవాబులు చెబుతున్నాను. హఫీజ్‌పేట వైపు మలుపు వచ్చేలోపు ఆయన, "పాప గడప దొక్కక ముందే బూడిద గుమ్మడికాయ కట్టల్ల. కట్నావా?" అన్నాడు. కట్టలేదు. మలుపు తిరగకుండా నేరుగా మదీనాగూడ వరకు పోయి, రోడ్డు పక్క బండి ఆపి, గుమ్మడికాయ బేరం చేసి కొన్నాను. తొట్టిలో దొర్లకుండా పెట్టి, వచ్చి కూర్చుని, తాళం తిప్పబోతూ అద్దంలోకి చూశాను.

పాప తల ముందుకు వాలి ఉంది. గడ్డం కనిపించడం లేదు. టోపీ, దాని కింద బుగ్గల మడత, అంతే.

నాకు వేలు గుర్తొచ్చింది. గుర్తు రాలేదని అనుకోవడానికి తర్వాత ఎన్నోసార్లు ప్రయత్నించాను, కానీ వచ్చింది. దిగి, చుట్టూ తిరిగి, అవతలి తలుపు తీస్తే చాలు. పెదనాన్న ఏదో చెబుతున్నాడు. వర్జ్యం వచ్చేలోపు ఇల్లు చేరాలని కూడా అన్నాడు. నిద్రపోతోందిలే, ఇంకెంత, పావుగంటలో ఇల్లు అనుకున్నాను. బండి వెనక్కి తిప్పుకున్నాను. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి ముందు భాగం పైకి లేస్తుంది. వెనక్కి తిరిగి కూర్చున్న పాప తల ఇంకా ముందుకు వాలుతుంది. అప్పుడు నేను అద్దం వైపు చూడలేదు.

కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఒక ఆటో అడ్డం వస్తే బ్రేకు వేశాను. ఆ కుదుపుకు నా భార్య లేచింది. లేస్తూనే అలవాటుగా చెయ్యి చాపి పాప గడ్డం కింద వేలు పెట్టబోయింది. వేలు దూరలేదు.

ఆమె అరిచిన అరుపు నేను రాయలేను. బెల్టు తెంపినంత పని చేసి పాపను బయటికి లాగింది. పాప పెదాలు నల్లద్రాక్ష రంగులో ఉన్నాయి. కొంగు ముడి ఊడి బియ్యం బండంతా చిందాయి. ఆమె పాప వీపు రుద్దుతోంది, పేరు పెట్టి పిలుస్తోంది. పెదనాన్న "దేవుడా, దేవుడా" అంటున్నాడు. నేను సిగ్నల్ దాటించి, దగ్గర్లో కనపడ్డ ఆసుపత్రి ముందు బండి అడ్డంగా ఆపాను. మెట్లెక్కుతుండగా పాప ఒకసారి వెక్కి, సన్నగా ఏడ్చింది.

లోపల డాక్టరు అడిగాడు. "తల ఎంతసేపటి నుంచి అలా ఉంది?"

నా భార్య నా వైపు చూసింది. ఆమె నిద్రలో ఉంది, ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది.

"ఇప్పుడే" అన్నాను. "సిగ్నల్ దగ్గరే చూశాం. రోడ్డు గుంతల్లో సీటు కదిలినట్టుంది."

పాపను కొన్ని రోజులు అక్కడ ఉంచుకున్నారు. ఆ సాయంత్రం మా అత్తగారు వచ్చింది. ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న కూతురి ముందు నిలబడి, ఏడుస్తూ అంది. "కన్నతల్లివి, నీకు నిద్రెట్ల పట్టిందే? పసిపిల్లను పక్కన పెట్టుకోని ఎట్ల పండుకున్నవే? మొదలే నెలలు నిండని పిల్ల!" ఆమె సీటునూ తప్పు పట్టలేదు, నన్నూ ఒక్క మాట అనలేదు. నా భార్య తల వంచుకుని, "నాదే తప్పమ్మా" అంది. నేను పక్కనే నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి పెదనాన్న నన్ను వరండాలోకి తీసుకుపోయి నెమ్మదిగా అడిగాడు. "అబ్బీ, నేను సీటు ఎనక్కి జరపమంటి కదా. దాని వల్లేమన్నా..." నేను లేదన్నాను. ఆయన పరేషానవుతాడని లేదన్నానని ఎన్నాళ్ళో అనుకున్నాను. ఔనంటే నా సంగతి కూడా బయటపడుతుంది, అందుకే లేదన్నాను.

పాప కోలుకుంది. అన్నీ వయసుకు తగ్గట్టే నేర్చుకుంది, నడిచింది, మాట్లాడింది. నా భార్య మాత్రం ఆ రోజు నుంచి బండిలో నిద్రపోలేదు. తిరుపతి వెళ్ళి వస్తున్నా, జ్వరంతో ఉన్నా, వెనక సీటులో పాప పక్కన కళ్ళు తెరుచుకుని కూర్చునేది. ఇంట్లోనూ మధ్యలో లేచి పాప గడ్డం కింద వేలు పెట్టి చూసి మళ్ళీ పడుకునేది. పాపకు మెడ నిలిచి, పరుగెత్తే వయసు వచ్చాక కూడా. "నిద్ర ముంచుకొస్తే ఎవ్వరి మాటైనా వింటాం కద" అని ఒకసారి తనను తానే తిట్టుకుంది. ఆ ఎవరో నేనే. నన్ను తప్పు పడుతూ అనలేదు ఆ మాట. నా మాట నమ్మి పడుకోవడం తన బలహీనత అన్నట్టు అంది.

పాపకు మూడేళ్ళప్పుడు ట్రక్కు అమ్మేశాను. ఇచ్చేముందు లోపల శుభ్రం చేస్తుంటే ముందు సీటు పట్టీలో పసుపు బియ్యపు గింజలు దొరికాయి. ఎండి, గట్టిపడి, తెల్ల టేపు ముక్క అంచుకు అతుక్కుని ఉన్నాయి. ఆ రోజు ఆమెకు చెప్పాను. సీటు నేనే జరిపానని, అద్దంలో ముందే చూశానని.

"ఎక్కడ చూసినవ్?" అంది.

మదీనాగూడలో అనబోయాను. నోటికి "కొండాపూర్‌లో, సిగ్నల్ ముందు" అని వచ్చింది.

"సిగ్నల్ ముందు అంటే నేను లేవకముందు కొంచెమే కద" అంది. "పెద్దాయన కాళ్ళ నొప్పంటే ఎవరైనా జరుపుతరు. ముందే చెప్తే అయిపోవు గద, ఇన్నేండ్లు ఎందుకు దాచుకున్నవ్?" లేచి నాకు టీ పెట్టి తెచ్చింది. చిన్న తప్పు ఒప్పుకుని ఆమె జాలి సంపాదించాను. ఆ టీ తాగాను కూడా.

ఆ తర్వాత ఆమె కొంచెం కొంచెంగా తేలికపడింది. వేలు పెట్టి చూడటం తగ్గింది. మొన్న, పాపకు స్కూలు బూట్లు కొనడానికి మదీనాగూడ వెళ్ళి తిరిగి వస్తుంటే, ట్రక్కు తర్వాత కొన్న చిన్న కారు వెనక సీటులో పాప తన ఎత్తు సీటులో కూర్చుని ఏదో పాడుకుంటోంది. ఉన్నట్టుండి పాట ఆపి, గుసగుసగా అంది.

"నాన్నా, అమ్మ పండుకుంది. నువ్వు చూస్తుండు."

అద్దంలో చూశాను. నా భార్య నిజంగానే నిద్రపోతోంది, నోరు కొంచెం తెరిచి, తల కిటికీకి ఆనించి. ఇన్నేళ్ళలో మొదటిసారి. రోడ్డు పక్క గుమ్మడికాయల కుప్పలు ఉన్నాయి. ఆమె నిద్రపోతున్నది నేను చెప్పిన కొండాపూర్‌ను నమ్మి. ఆ నిద్రను చూస్తూ నడపలేకపోయాను. బండి పక్కకు తీసి ఆపి, లేపాను.

"ఏమైంది? పాప?" అంటూ చెయ్యి ముందుకు పోయింది.

"పాప బానే ఉంది. నేను అప్పుడు చూసింది కొండాపూర్‌లో కాదు. ఇక్కడ."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. గుమ్మడికాయలను చూసింది.

"గుమ్మడికాయ కొన్నప్పుడా?"

"కొని ఎక్కాక."

"బండి ఆగే ఉండెనా?"

"ఆగే ఉంది."

పాప మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "దవాఖానల అమ్మ నన్ను అన్నప్పుడు నువ్వు అక్కడనే ఉన్నవ్" అంది నా భార్య.

"ఉన్నా."

"నీళ్ళ సీసా పట్టుకోని."

"అవును."

"తాళాలియ్యి."

ఆమె దిగి ముందుకు వచ్చింది. నేను వెనక్కి వెళ్ళాను.

ఆ ఆదివారం ప్రగతి నగర్ వెళ్ళి మా అత్తగారికి అంతా చెప్పాను. వెళ్ళమని నా భార్య అనలేదు. అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది. నన్ను తిడుతుందనుకున్నాను. "నేను నా బిడ్డను అంటి గద అయ్యా" అంది. "అందరి ముంగట అంటి." చేటను అక్కడే వదిలి లోపలికి వెళ్ళింది. నేను బయలుదేరేదాకా బయటికి రాలేదు. కడపకు ఫోను చేసి పెదనాన్నకు చెప్పడం ఇంకా నా వల్ల కాలేదు.

ఇప్పుడు బండి తనే నడుపుతుంది. ఇంట్లో మాటలు ఉన్నాయి. పాలు, స్కూలు, కరెంటు బిల్లు, అన్నీ మాట్లాడుకుంటాం. అంతకు మించి ఆమె ఏమీ అనలేదు, నేను అడగలేదు. బయటికి వెళ్ళినప్పుడు నేను వెనక, పాప పక్కన కూర్చుంటాను. పాప ఎప్పుడైనా నిద్రపోయి తల ముందుకు వాలిస్తే, అవసరం లేదని తెలిసినా, గడ్డం కింద వేలు పెడతాను. పాప నిద్రలోనే విసుగ్గా నా చెయ్యి తోసేస్తుంది. సిగ్నల్ పడ్డప్పుడల్లా ముందు అద్దంలో నా భార్య కళ్ళు పైకి లేస్తాయి. ముందు పాపను చూస్తాయి. తర్వాత నన్ను, నేను మేలుకునే ఉన్నానా అని.